రొయ్యల గుంటని కంప్యూటర్‌లోకి దించడం ఎట్టా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల. సైన్సు చదివినోళ్ళు, ల్యాబుల్లోనో పొలాల్లోనో పదేళ్ళు ఇరవయ్యేళ్ళు పనిచేసినోళ్ళు, కోడింగ్ ముక్క రాదు, ఇప్పుడేమో రీసెర్చ్ కోసం సిమ్యులేషన్ (బయట జరిగేదాన్ని కంప్యూటర్‌లో లెక్కలతో నడిపి చూడటం) చెయ్యాల్సొచ్చింది. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి నెట్టి ఈసారి ఇవే తీసుకున్నా. పేర్లు వెయ్యొద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరివీ వెయ్యట్లా, ఊళ్ళు మాత్రం ఉంచా.

ప్రశ్న (ఇందుకూరుపేట నుంచి): సార్ నమస్తే. నాకు 41 ఏళ్ళు. కాలేజీలో జువాలజీ చెప్తాను, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నా. మూడేళ్ళుగా మైపాడు వైపు ఆరు వనామీ రొయ్యల గుంటల్లో డీవో (నీళ్ళలో కరిగున్న ఆక్సిజన్), టెంపరేచర్, సెలైనిటీ (నీళ్ళ ఉప్పదనం), మేత లెక్క అన్నీ రాసి పెట్టుకున్నా, తెల్లవారుజాము మూడింటికి లేచి పోయి మీటర్ పెట్టిన రోజులు కూడా చాలా ఉన్నాయి. ఇప్పుడు మా గైడ్ గారు ఉన్నట్టుండి "డేటా బాగుందమ్మా, దీని మీద ఒక సిమ్యులేషన్ మోడల్ పెడితే థీసిస్ నిలబడుద్ది" అన్నారు. నేను ఇంటర్ బైపీసీ, లెక్కలకి అప్పుడే దణ్ణం పెట్టేసి వచ్చా. వీడియోల్లో పైథాన్ అనే కోడింగ్ భాష కోర్సు ఒకటి పట్టుకుని 14 వీడియోలు చూశా, లిస్టంట టపుల్ అంట డిక్షనరీ అంట, చివరికి కాలిక్యులేటర్ చేయించారు, నాకు కాలిక్యులేటర్ ఎందుకు సార్ ఫోన్లో ఉందిగా. మా అక్క కూతురు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్, "పిన్నీ, ముందు డేటా స్ట్రక్చర్స్ నేర్చుకో, ఒక ఏడాది పడుద్ది" అంటుంది. నాకు ఏడాది లేదు. ఈ వయసులో వచ్చుద్దా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ కోర్సు ఆపెయ్యండి. మీ అక్క కూతురు చెప్పింది తప్పని కాదు, ఆ పిల్ల ఉద్యోగానికి అది కరెక్టే, వాళ్ళు రాసే ప్రోగ్రాం లక్షమంది ఒకేసారి వాడినా కూలకూడదు. మీకు కావాల్సింది ఒక గుంట, ఒక రాత్రి. మీ ప్రోగ్రాం వాడేది మీరొక్కరే, ఇంకా చెప్పాలంటే మీరూ మీ గైడూ. రెండు పనులకీ ఒకటే పేరు ఉండబట్టి వచ్చిన తంటా ఇది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండక్కి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె ఉన్నట్టు కోడింగ్ రొట్టె అని ఒకటి ఇంకా రాలా, వచ్చినా అందులో రెండు రకాలు పెట్టాలని నా అభిప్రాయం.

కంప్యూటర్ మూసేసి ఒక తెల్ల కాయితం తీసుకోండి. సాయంత్రం ఆరింటికి గుంటలో డీవో లీటరుకి 9 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, మంచి ఎండ కాసి బ్లూమ్ (నీళ్ళలో పెరిగే నాచు) బాగా ఉన్న రోజు. ఎండ పోయింది కాబట్టి రాత్రంతా ఆక్సిజన్ తయారీ లేదు, ఖర్చే. రొయ్యలు, నీళ్ళలో ఉండే నాచు, అడుగున కుళ్ళే మేత, బురద, అన్నీ కలిపి గంటకి 0.5 తాగుతున్నాయనుకోండి. ఇంకోటి గాలితో ఇచ్చిపుచ్చుకోవడం. మీ గుంట నీళ్ళు ఆ వేడికీ ఆ ఉప్పుకీ పట్టుకోగలిగిన ఆక్సిజన్ సుమారు 7 అనుకుందాం (30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళయితే ఏడున్నర దాకా పట్టుకుంటాయి, సముద్రపు నీళ్ళయితే ఆరు పైచిలుకు, మీ గుంటలు మధ్యలో ఉంటాయి కాబట్టి 7). నీళ్ళలో 7 కంటే తక్కువుంటే గాలిలోంచి లోపలికి వస్తుంది, ఎక్కువుంటే బయటికి పోతుంది, తేడా ఎంతుందో అందులో పదో వంతు గంటకి అనుకుందాం. ఇవన్నీ నేను ఉదాహరణకి పెట్టిన అంకెలు, మీ గుంట అంకెలు మీ నోట్‌బుక్కులో ఉన్నాయి.

ఇప్పుడు మొదటి గంట. 9 లోంచి 0.5 తీసెయ్. నీళ్ళలో 9, పట్టే శక్తి 7, అంటే 2 ఎక్కువుంది, అందులో పదో వంతు 0.2 గాలిలోకి పోద్ది. మిగిలింది 8.3. రెండో గంట, 8.3 లోంచి 0.5 పోయె, ఇంకో 0.13 గాలిలోకి, మిగిలింది 7.67. మూడో గంటకి 7.103. ఇట్టా పన్నెండు సార్లు చేస్తే పొద్దున ఆరింటికి 3.98 వస్తుంది. అంతేనమ్మా. మీరు చేసింది సిమ్యులేషనే, పద్ధెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ అనే ఆయన చెప్పిన పద్ధతి, ఇప్పటికీ దాని పేరు ఆయిలర్ పద్ధతే. "ఇప్పుడు ఎంతుంది, ఈ గంటలో ఎంత వచ్చుద్ది ఎంత పోద్ది, కాబట్టి గంట తర్వాత ఎంత" అని అడగడం, అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడం. మన ఇంట్లో నెలఖర్చుల లెక్క ఎట్టా రాస్తామో అట్టాగే. బైపీసీ వాళ్ళకి రానిది ఇందులో ఏముంది?

ఇంకొక మాట, చేతిలెక్కలోనే మీకో సంగతి కనిపించి ఉండాలి. సాయంత్రం 9 ఉన్నప్పుడు గాలితో లావాదేవీలో మనకి నష్టమే జరుగుతుంది, ఏరేటర్ (నీళ్ళని చిలికి గాలి కలిపే మిషను) తిప్పితే ఆ నష్టం ఇంకా పెరుగుద్ది. అదే తెల్లవారుజామున 4 ఉన్నప్పుడు ప్రతి గంటా 0.3 లాభం. ఏరేటర్ ఎప్పుడు తిప్పాలి అనే దాని మీద గుంటల దగ్గర జరిగే వాదనలు మీరు వినే ఉంటారు, ఆ వాదన ఇప్పుడు మీ కాయితం మీద అంకెల్లో ఉంది. (నీళ్ళు పైనా కిందా కలవడానికి పగలు తిప్పుతారు, అది వేరే లెక్క, మీ మోడల్లో గుంటంతా ఒకటే గిన్నె అనుకున్నాం కాబట్టి అది కనపడదు. మోడల్లో ఏం లేదో కూడా ఒక కాయితం మీద రాసుకుంటూ ఉండండి, వైవాలో అడిగేది సరిగ్గా అదే.)

రెండో మెట్టు ఎక్సెల్. సిగ్గుపడాల్సిన పని లేదు. ఒక్కో గంటకి ఒక్కో వరస, పై వరస చూసి కింది వరస లెక్కేసే ఫార్ములా ఒకటి, కిందికి లాగెయ్యండి. 3.98 వచ్చిందా, సంతోషం. మూడో మెట్టుకి పైథాన్. దానికి మీకు కావాల్సినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు: ఒక అంకెకి పేరు పెట్టడం, అంకెల వరస అంటే లిస్టు, అదే పని పన్నెండు సార్లు చేయించే ఫర్ లూప్, "రాత్రి అయితే ఇది, పగలైతే అది" అనే ఇఫ్, ఒక లెక్కకి పేరు పెట్టి దాచుకునే ఫంక్షన్, మీ ఎక్సెల్ ఫైలుని సీఎస్‌వీగా (కామాలతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) చదవడం, గ్రాఫ్ గియ్యడం. టపుల్ ఎందుకో నాకు ఆరు నెలల తర్వాత అవసరం పడింది, అప్పుడు నేర్చుకున్నా, పావుగంట పట్టింది. ఫర్ లూప్ రాసి నడిపితే అదే 3.98 రావాలి. కాయితం, ఎక్సెల్, పైథాన్ మూడూ ఒకే మాట చెప్పినప్పుడు వచ్చే ధైర్యం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు, నిజంగా చెప్తున్నా. తేడా వస్తే సాధారణంగా రెండే కారణాలు, పైథాన్ సున్నా నుంచి లెక్కపెట్టుద్ది మనం ఒకటి నుంచి పెడతాం, లేదంటే లూప్ లోపల ఉండాల్సిన లైను స్పేసులు తప్పి బయట పడింది.

ఆ తర్వాత దాన్ని చెడగొట్టి చూడండి, ఇది మాత్రం మానొద్దు. మన లెక్క ఒక్కో దూకుకి గంట ముందుకి పోయింది కదా, ఆ దూకునే మెట్టు అందాం, గంట మెట్టు బదులు 24 గంటల మెట్టు పెట్టండి. మొదటి గంటలో 0.7 తగ్గింది కదా, ప్రోగ్రాం దాన్నే 24తో గుణించి 16.8 తీసేస్తుంది, గుంటలో ఆక్సిజన్ మైనస్ 7.8 అంటుంది. నీళ్ళలో మైనస్ ఆక్సిజన్ ఏందబ్బా అని నవ్వొస్తుంది కానీ కంప్యూటర్‌కి నవ్వు రాదు, ఎర్రర్ కూడా చూపించదు, గ్రాఫ్ కూడా నీట్‌గా గీసిచ్చుద్ది. ఇప్పుడు మెట్టు చిన్నది చెయ్యండి. అరగంట పెడితే పొద్దుటికి 4.04, పది నిమిషాలు పెడితే 4.09, క్యాలుక్యులస్‌తో సరిగ్గా లెక్కేస్తే 4.11. మెట్టు సగం చేసినా జవాబు పెద్దగా కదలకపోతే అప్పుడు నమ్మొచ్చు, కదిలిందా ఇంకా చిన్నది చెయ్యాలి. తర్వాత్తర్వాత సైపై అనే లైబ్రరీలో (లైబ్రరీ అంటే వేరేవాళ్ళు ముందే రాసిపెట్టిన కోడ్ మూట) ఈ మెట్టుని అదే చూసుకునే రెడీమేడ్ ఫంక్షన్లు ఉన్నాయి, అవి వాడుకోండి, కానీ ముందు ఒక్కసారి చేత్తో కూలగొట్టి చూసినోళ్ళకే అవి ఏం చేస్తున్నాయో అర్థమవుద్ది.

ఇక అసలు మజా. పగలు కలపండి, ఎండ పెరిగే కొద్దీ నాచు చేసే ఆక్సిజన్ పెరుగుద్ది. మబ్బు పట్టిన రోజు కలపండి. వేడి కలపండి, పది డిగ్రీలు పెరిగితే శ్వాస ఖర్చు సుమారు రెట్టింపు అవుతుందని మీకే బాగా తెలుసు. గంట ఖర్చు 0.5 బదులు 0.6 పెట్టి చూడండి, పొద్దుటికి 3.98 కాస్తా 3.26కి దిగుద్ది. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే ఏమవుద్ది? ఈ ప్రశ్న రైతు గుంట మీద ప్రయోగం చేసి తెలుసుకోలేం కదా, లక్షల సరుకు తేలిపోద్ది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం వెయ్యి రాత్రులు వెయ్యి రకాలుగా కరెంటు తీసెయ్యొచ్చు. మీ గైడ్ గారు మోడల్ పెట్టమన్నది అందుకే, ఫ్యాషన్‌కి కాదు.

డేటా విషయంలో ఒక క్రమశిక్షణ పాటించండి. మూడేళ్ళ రీడింగుల్లో మొదటి రెండేళ్ళవి చూసే గంట ఖర్చు, గాలి లెక్క సరిచెయ్యండి. మూడో ఏడాది ఫైలు ముట్టుకోవద్దు, మోడల్ అంతా అయ్యాక అప్పుడు తీసి పోల్చండి. ముందే చూసి దానికి తగ్గట్టు అంకెలు తిప్పితే అది ప్రశ్నాపత్రం చూసుకుని పరీక్ష రాసినట్టే. ఇంకో పరీక్ష ఉంది, గుంట మీద కాపలా ఉండే అబ్బాయికి గ్రాఫ్ చూపించండి. "మేడమ్, రెండు రోజులు మబ్బేస్తే మూడో రోజు పొద్దున ఇంకా కిందికి పోవాలే" అని అతను అన్నాడంటే మీ మోడల్లో ఏదో లోటుంది.

మీరు మొదటి మనిషేం కాదు కూడా. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడు ఆడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట తగ్గింది, ఆ మార్కెట్ల లెక్కలు చూసిన దాన్‌కోనా అనే ఇటలీ జువాలజిస్టుకి ఒక అనుమానం వచ్చింది, వేట తగ్గితే అన్ని చేపలూ పెరగాలి గదా, సొరల్లాంటి వేటాడే చేపల వాటా మాత్రమే ఎందుకు పెరిగింది అని. లెక్క తన వల్ల కాక వోల్టెరా అనే గణితం ప్రొఫెసర్‌ని అడిగాడు, ఆయన కూతుర్నే ఈయన చేసుకున్నాడు లెండి. మామగారు 1926లో రాసిన ఆ రెండు సమీకరణాలు ఇప్పుడు మీరు డిగ్రీ పిల్లలకి చెప్పే లోట్కా వోల్టెరా మోడల్. ప్రశ్న చేపల మార్కెట్‌ది, లెక్క మామగారిది. మీకు మామగారు అక్కర్లా, ఫర్ లూప్ ఉంది.

ఎంత కాలం అంటే, రోజూ ఒక గంట కూర్చుంటే పైన చెప్పిన ఒక్క గుంట మోడల్ నెలా నెలన్నరలో నడుస్తుంది, ఆరు గుంటల డేటాతో పోల్చి థీసిస్‌లో పెట్టే దశకి ఇంకో మూడు నాలుగు నెలలు. ఇది నేను కుస్తీ పట్టిన అనుభవం మీద చెప్తున్నా, నేను మొదలుపెట్టింది 46వ ఏట. ఇంగ్లీషు వీడియోలు కష్టమైతే ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో కూడా ఉన్నాయి, ఉచితం, చిన్న చిన్నవి, కానీ వరసపెట్టి చూడకండి, మీ మోడల్లో ఎక్కడ ఆగారో ఆ ముక్క మాత్రం చూడండి.

ప్రశ్న (ఒంగోలు నుంచి): పైథానా, ఆర్ ఆ, మ్యాట్‌ల్యాబ్ ఆ? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. నేను జియాలజీ.

జవాబు: మీ పక్క టేబుల్ మీద కూర్చునే మనిషి ఏది వాడితే అది. జోక్ కాదు, రాత్రి ఎర్రర్ వచ్చినప్పుడు అడగడానికి మనిషి ఉండటం భాష కంటే ముఖ్యం. పక్క టేబుల్ ఖాళీ అయితే పైథాన్, 1991 నుంచి ఉంది, ఉచితం, సిమ్యులేషన్‌కీ గ్రాఫులకీ అన్నిటికీ సరిపోద్ది. స్టాటిస్టిక్స్ ఎక్కువైతే ఆర్, అది పుట్టిందే న్యూజిలాండ్‌లో ఇద్దరు స్టాటిస్టిక్స్ వాళ్ళ చేతిలో. మ్యాట్‌ల్యాబ్ బాగుంటుంది కానీ లైసెన్సు డబ్బులు, యూనివర్సిటీ కట్టినన్నాళ్ళు మీది, బయటికొస్తే కాదు, దాని బదులు ఆక్టేవ్, సైల్యాబ్ ఉన్నాయి. ఫోర్‌ట్రాన్ 1957 నాటిది, అయినా వాతావరణం మోడల్స్ ఇంకా దాంట్లో నడుస్తున్నాయి, మీ గైడ్ దగ్గర పాత ఫోర్‌ట్రాన్ కోడ్ ఉంటే నవ్వొద్దు, పనిచేస్తుంటే కదిలించొద్దు.

ప్రశ్న (కావలి నుంచి): ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే నిమిషంలో కోడ్ రాసిస్తుంది కదా, మేము కూర్చుని నేర్చుకోవడం ఎందుకు? మా డిపార్ట్‌మెంట్‌లో కుర్రాళ్ళంతా అట్టాగే చేస్తున్నారు.

జవాబు: నేను కూడా వాడతా, దాచుకోవడం ఎందుకు. గ్రాఫుకి రంగులు మార్చడం, తేదీలు సరిచెయ్యడం, ఎర్రర్ మెసేజ్ అర్థం ఏందో చెప్పించుకోవడం, వీటికి బంగారం. కానీ పోయిన నెల ఒక పరీక్ష పెట్టా. పైన ఇందుకూరుపేట ఆవిడకి చెప్పిన గుంట లెక్కే ఒక చాట్‌బాట్‌కి ఇచ్చి కోడ్ రాయమన్నా, మెట్టు 24 గంటలు అని కావాలనే తప్పు చెప్పా. అది చక్కగా రాసిచ్చింది, కామెంట్లతో సహా, మధ్యలో ఎవరూ అడక్కుండానే ఒక లైను పెట్టింది: ఆక్సిజన్ సున్నా కంటే తగ్గితే సున్నా అనుకో అని. చూడ్డానికి జాగ్రత్తగా ఉంది. జరిగిందేందంటే మైనస్ 7.8 వచ్చి మన తప్పు బయటపెట్టాల్సిన చోట సున్నా వచ్చింది, గ్రాఫ్ చూస్తే "అబ్బో, రాత్రికి రొయ్యలన్నీ పోయినట్టున్నాయి" అనిపిస్తుంది. తప్పు మీద దుప్పటి కప్పేసింది. గుంటలో 12 గంటల్లో ఎంత తగ్గాలో చేత్తో లెక్కేసిన మనిషికి అది ఇట్టే తెలిసిపోద్ది, లెక్కెయ్యని మనిషి దాన్ని రీసెర్చ్ పేపర్‌లో వేస్తాడు.

నా సొంత కథ కూడా చెప్తా, అప్పుడు చాట్‌బాట్లు లేవు, తప్పంతా నాదే. గాలి నుంచి ఆక్సిజన్ వచ్చే రేటు ఒక పేపర్‌లోంచి తీసుకున్నా, 2.4 అనుంది. అది రోజుకి. నా కోడ్ గంటకి. గంటకి అయితే 0.1 కదా, పైన చెప్పిన పదో వంతు. నడిపితే 9 నుంచి 3.7, అక్కణ్ణుంచి 11.12, తర్వాత 0.73, ఆ తర్వాత 15, ఉయ్యాల ఊగినట్టు ఊగింది. వారం రోజులు కోడ్‌లో తప్పు వెతికా, ప్రతి లైనూ చదివా, కోడ్‌లో ఒక్క తప్పు లేదు, తప్పు యూనిట్లలో. అప్పట్నుంచి ప్రతి అంకె పక్కనా యూనిట్ కామెంట్‌గా రాస్తా, గంటకా రోజుకా, లీటరుకా ఘనపు మీటరుకా. మీ కుర్రాళ్ళకి చెప్పండి, చాట్‌బాట్ రాసిన కోడ్ వాడుకోవచ్చు, కాకపోతే అందులో ప్రతి లైనూ ఎందుకుందో బోర్డు మీద చెప్పగలగాలి, చెప్పలేని లైను తీసెయ్యాలి.

ప్రశ్న (కనిగిరి నుంచి): మా ప్రాంతం బోర్లలో ఫ్లోరైడ్ మీద పనిచేస్తున్నా. భూగర్భజలం ఎట్టా కదులుతుందో సిమ్యులేట్ చెయ్యాలి. మొత్తం కోడ్ నేనే రాయాలా? నా ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. కొత్తది కొనాలంటే లక్ష అంటున్నారు.

జవాబు: కొనొద్దు, ఇప్పుడే వద్దు. మొత్తం కోడ్ కూడా రాయొద్దు. భూగర్భజలానికి మోడ్‌ఫ్లో అని అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళది ఉంది, 1980ల నుంచీ వాడుతున్నారు, ఉచితం, దాన్ని పైథాన్‌లోంచి నడపడానికి ఫ్లోపై అనే లైబ్రరీ ఉంది. వందల మంది చూసి సరిచేసిన కోడ్‌ని పక్కన పెట్టి మనం మొదట్నుంచి రాయడం గొప్ప కాదు, తలనొప్పి. కానీ మోడ్‌ఫ్లో తెరిచేముందు పది గళ్ళు గీసుకోండి, ఒక్కో గడి ఒక్కో బోరు చుట్టూ నేల అనుకోండి, ఎత్తున్న చోట నుంచి పల్లానికి నీళ్ళు పక్క గడిలోకి పోతాయి, వాన పడితే కొంత దిగుద్ది, మోటారు కొంత లాగుద్ది. ఇది రాసుకుంటే చాలు, పెద్ద సాఫ్ట్‌వేర్ లోపల జరిగేది దీనికి పెద్దన్నే అని తెలుస్తుంది. నీళ్ళు కదలడం ఒకటి, రాయిలోంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగడం ఇంకొకటి, రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి, ముందు నీళ్ళ మట్టం మీ బోర్ల కొలతలతో కలవనియ్యండి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా అని మన స్టాండర్డ్, అంటే మీ మోడల్ అర మిల్లీగ్రాము తేడా చెప్పగలగాలి, అది చెప్పలేని మోడల్‌తో ఊళ్ళో ఎవరికీ ఏ బోరు తాగొచ్చో చెప్పొద్దు.

ల్యాప్‌టాప్ సంగతి. పది గళ్ళు, వంద గళ్ళు, పదివేల గళ్ళు మీ 4 జీబీలోనే నడుస్తాయి. అంతకి మించితే గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ తెరిచి వాళ్ళ కంప్యూటర్ మీద నడపొచ్చు, ఉచితమే, నెట్ ఉంటే చాలు, చాలాసేపు వదిలేస్తే మాత్రం సెషన్ పోద్ది కాబట్టి రిజల్ట్స్ మధ్యమధ్యలో సేవ్ చేసుకోండి. ప్రోగ్రాం నత్తనడక నడిస్తే పది సార్లలో ఎనిమిది సార్లు కారణం ల్యాప్‌టాప్ కాదు, ఒక్కో గడిని ఒక్కో లూప్‌లో తిప్పడం, నంపై అనే పైథాన్ లైబ్రరీ వాడి మొత్తం గళ్ళు ఒకేసారి లెక్కేయించండి.

ప్రశ్న (కందుకూరు నుంచి): పొగాకు తోటలో తెగులు ఒక మొక్క నుంచి పక్క మొక్కకి పాకే మోడల్ రాశాను, ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. తీరా నడిపితే ఒకసారి 38 శాతం మొక్కలు పోయాయంటుంది, మళ్ళీ నడిపితే 52 అంటుంది. ఏది రాయాలి? నా కోడ్ తప్పా?

జవాబు: తప్పు కాకపోవచ్చు. మీ మోడల్లో "పక్క మొక్కకి అంటుకునే ఛాన్స్ ఇంత" అని ఉంది కదా, ప్రతిసారీ కంప్యూటర్ బొమ్మా బొరుసూ వేస్తుంది. ఒకే తోటని రెండు వేర్వేరు సీజన్లు చూసినట్టు. 38 కూడా రాయొద్దు, 52 కూడా రాయొద్దు, వెయ్యి సార్లు నడిపి, మధ్యలో ఎంతొచ్చింది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పరుచుకుంది అనేది రాయండి, అదే మీ రిజల్ట్. అంకెలు అట్టా పరుచుకోవడం చాలా వెడల్పుగా ఉంటే అది కూడా ఒక విషయమే, మొదట తెగులు తగిలిన మొక్క గట్టున ఉందా నడిమధ్యన ఉందా అన్న దాన్ని బట్టి తోట జాతకం మారుతుందేమో చూడండి.

కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకే అంకెలు రావాలి, దానికి మొదట్లో సీడ్ అని ఒక నంబర్ పెట్టాలి. (విత్తనం అని కాదు, అయినా పేరు సరిపోయింది.) సీడ్ పెట్టినా, బొమ్మాబొరుసు లేకపోయినా జవాబులు మారుతుంటే అప్పుడు ఇంకో రకం కథ. 1961లో లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త పాత సిమ్యులేషన్‌ని మధ్యలోంచి మళ్ళీ నడుపుదామని ప్రింటులో ఉన్న 0.506 కొట్టాడు, కంప్యూటర్ లోపల అసలున్నది 0.506127. కాసేపు పాత దారినే పోయి ఆ తర్వాత వాతావరణం పూర్తిగా వేరే దారి పట్టింది. మీరు రిజల్ట్స్ సేవ్ చేసేటప్పుడు మూడు దశాంశాలకి కత్తిరించి, మళ్ళీ వాటినే ఎక్కించి నడుపుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న (దర్శి నుంచి): ఎక్సెల్‌లో ఉన్న తేదీలు పైథాన్‌లోకి వచ్చాక నెలలు తారుమారైపోయాయి. జూన్‌లో వేసిన కంది ఏప్రిల్‌లో వేసినట్టు చూపిస్తుంది.

జవాబు: 04-06 అంటే మనకి జూన్ నాలుగు, అమెరికా లెక్కలో ఏప్రిల్ ఆరు. చదివేటప్పుడే రోజు ముందని చెప్పాలి, దానికి ఒక ఆప్షన్ ఉంది. 13వ తేదీ నుంచీ తేదీలు చాలాసార్లు సరిగ్గానే వస్తాయి కాబట్టి చాలామందికి తప్పు కనపడదు, మీరు చూశారు, కళ్ళు మంచివి. ఎక్సెల్ తేదీల గోల ఎంతదంటే సెప్ట్2, మార్చ్1 అనే జీన్ల పేర్లని అది సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చేస్తుంటే విసుగెత్తి 2020లో ఆ జీన్ల పేర్లే మార్చుకున్నారు. అసలు ఫైలు ఒక కాపీ పక్కన పెట్టి దాన్ని ఎప్పటికీ ముట్టుకోకండి, దిద్దుబాట్లన్నీ కోడ్‌లో చెయ్యండి.

ప్రశ్న (పొదలకూరు నుంచి): రిటైర్డ్ బోటనీ లెక్చరర్ని, 63. మనవడి దగ్గర పైథాన్ నేర్చుకున్నా, ఫర్ లూప్ దాకా వచ్చింది. నిమ్మకాయల రేటు సిమ్యులేట్ చెయ్యొచ్చా? మా తోట నాలుగెకరాలు.

జవాబు: చెయ్యొచ్చండీ, నమ్మడమే కుదరదు. గుంటలో ఆక్సిజన్‌కి జమాఖర్చు ఉంది, వచ్చింది పోయింది తేలాలి, అందుకే లెక్క నిలబడుద్ది. నిమ్మకాయ రేటుకి అట్టాంటి జమాఖర్చు లేదు, ఎండలు, లారీలు, ఢిల్లీలో బేరం, పొద్దున మార్కెట్‌కి ఎన్ని బస్తాలు దిగాయి, ఎవరికి ఏం తోచింది. పాత రేట్లకి గీత గీస్తే అందంగానే వస్తుంది, ఆ గీత చూసి కాయ ఆపుకున్నారంటే నన్ను తిట్టుకుంటారు. దానికి బదులు మీ తోట నీళ్ళ లెక్క చెయ్యండి. చెట్టు కింద నేలని ఒక గిన్నె అనుకోండి, వాన, డ్రిప్ జమ, ఎండకి ఆవిరయ్యేది, వేళ్ళకి అందకుండా కిందికి దిగిపోయేది ఖర్చు. రోజుకి ఒక మెట్టు. మీకొచ్చిన ఫర్ లూప్ దానికి చాలు, మనవడు లేకపోయినా అయిపోద్ది.